ఇచ్చట తామర ఇవ్వబడును

విశాఖపట్నంలో ఇవాళ ఎవరి పెరటి తొట్టిలో తామర పువ్వు విచ్చుకున్నా అది నా చలవే. కాదన్నవాణ్ణి వచ్చి నాతో మాట్లాడమనండి. ఎనభై రెండులో మా ఊరి చెరువుని నేనొక్కణ్ణే, ఒక్క పూటలో, సైకిలు క్యారేజీ మీద పెట్టుకుని తొక్కుకొచ్చేశాను. చిన్న చెరువనుకునేరు. ఈ ఒడ్డున నిలబడి కేకేస్తే ఆ ఒడ్డు మనిషికి మర్నాడు వినపడేది. అంత చెరువుని తెస్తే దారిలో ఒక్క చుక్క ఒలకలేదు.

నవ్వకండి. నవ్వితే చెప్పను.

ఉక్కు కర్మాగారం కోసం తీసుకున్న ఊళ్ళలో మాదొకటి. పొలాలు ముందే పోయాయి. తరవాత ఇళ్ళు. కూర్మన్నపాలెం అవతల మాకు తలా ఒక స్థలం చూపించారు. ఆఖరికి చెరువొక్కటే మిగిలింది. నేల చదును చేసే మిషన్లు వస్తున్నాయనీ, ఫాల్గుణం వెళ్ళేలోగా చెరువు పూడ్చేస్తారనీ కబురొచ్చింది. ఊళ్ళో వాళ్ళంతా తలుపులు, దూలాలు, పెంకులు విప్పుకుని బళ్ళకెక్కిస్తుంటే, నా భార్య కాశమ్మ మాత్రం కుచ్చెళ్ళు ఎగదోపి చెరువులోకి దిగింది.

ఆ చెరువులో పూసేది అల్లాటప్పా తామర కాదు. అన్నం పళ్ళెమంత పువ్వు. రేకు వెనక రేకు, దాని వెనక ఇంకో రేకు, లోపలికి పోయేకొద్దీ రంగు చిక్కబడేది. చుట్టుపక్కల పది చెరువులు వెతికినా ఆ రకం లేదు. కాపురానికి వచ్చిన నాటినుంచీ పద్దెనిమిదేళ్ళు కాశమ్మ ఆ పువ్వులు కోసింది. నేను వాటిని పూర్ణా మార్కెట్టుకి మోశాను.

"ఇదిగో మావ," అంది, నడుం లోతు నీళ్ళలో నిలబడి. "బూమి అడిగినారు, ఇచ్చేసినాం. ఇల్లడిగినారు, ఇచ్చేసినాం. ఈ ఇత్తనం మాత్రం నానివ్వను. నాను బతికున్నన్నాళ్ళూ ఇది ఎక్కడో ఓ కాడ పుయ్యాల."

"పుయ్యడానికి సెరువేదే?"

"నువ్వు సైకిలు సూసుకో. సెరువు సంగతి నాను సూసుకుంతాను."

ఇక్కడ ఒక చిన్న సవరణ. ఒక్క పూట అన్నాను కదా, పంతొమ్మిది రోజులు పట్టింది. నేనొక్కణ్ణే అని కూడా అన్నాను. నేను ఒడ్డు దిగలేదు. నాకు జలగలంటే భయం. తామర దుంప బురదలో మోకాటి లోతున పాకి ఉంటుంది. దాన్ని పలుగుతో తవ్వడానికి లేదు, చేతితో లాగడానికి లేదు. కాలి బొటనవేలితో తడుముకుంటూ పోవాలి. దుంప కొసన సూదిలాంటి మొలక ఉంటుంది. అది విరిగిందంటే ఆ దుంప కూరకి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. ఆ వేళ్ళు కాశమ్మవి, ఆ ఓపిక కాశమ్మది. నేను చేసిందల్లా తడి గోనెలో చుట్టిన దుంపల్ని సైకిలు మీద తీసుకురావడం. అందులో కూడా రెండుసార్లు పడిపోయాను. చుక్క ఒలకలేదన్న మాట మాత్రం నిజం. నీళ్ళు తేలేదు కాబట్టి.

మిషన్లు వచ్చేనాటికి నలభై దుంపలు తేలాయి. వాటితో పాటు ఎర్రకలువ, తెల్లకలువ గడ్డలు ఓ గంపెడు.

ఇప్పుడు వాటిని పెట్టడానికి చోటు కావాలి. విశాఖ పాత టౌనులో కరీం బాషా అని నాకు పాత నేస్తం. విరగ్గొట్టిన ఓడల సామాన్ల వ్యాపారం. వాడి దుకాణంలో ఓడ గంటలు, గుండ్రటి కిటికీలు, కెప్టెను కుర్చీలు అన్నీ ఉండేవి. నా కష్టం విని గడ్డం నిమురుకున్నాడు.

"ఫికర్ పడకు సూరన్న బావా. దొరలు తానం సేసే తొట్లు ఆరున్నాయి నా కాడ. కాళ్ళు జాపుకు పడుకోవచ్చు. ఇరిగిన బేరం, ఎవడూ కొనడు. పట్టుకుపో."

"మరి నీకేటివ్వాల?"

"పువ్వు పూత్తే సూపించు, సాలు. ఓడలో తొట్టికి అలగైనా పున్నెం దక్కుతాది."

అలా మా తాటాకు పాక ముందు తెల్లటి పింగాణీ తొట్లు ఆరు వరసగా వెలిశాయి. అడుగున మాగిన పెంట, పైన చెరువు బంకమన్ను, మట్టిలో దుంపని అడ్డంగా పడుకోబెట్టి, మొలక కొస పైకి చూసేటట్టు, పైన నాలుగు వేళ్ళ నీళ్ళు. కాశమ్మ పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టింది.

నీళ్ళ దగ్గరే వచ్చింది చిక్కు. మా కాలనీలో నుయ్యి తవ్వితే ఉప్పునీరు. వారానికి రెండుసార్లు ట్యాంకరు వచ్చేది. దాని చుట్టూ బిందెలు, బిందెల చుట్టూ జుట్టు పట్టుకోవడాలు. అందులో కాశమ్మ తన వంతు బిందెలు తెచ్చి తొట్లలో పోస్తుంటే పక్కింటి పోతమ్మ ఊరుకుంటుందా?

"ఓలమ్మా, మడుసులికి మొకం కడుక్కోడానికి నీళ్ళు లేవు గానీ, దీని దుంపలకి దొరల తొట్లో తానాలు!"

"నా వాటా నీళ్ళు నాను పోత్తన్నాను. నాను తానం మానీసినాను, నీకేటి?" అంది కాశమ్మ.

"అదే సెప్తన్నాను. గాలి ఇటే ఇసురుతున్నాది."

ఇద్దరూ నవ్వుకున్నారు కానీ దుంపలు నవ్వలేదు. చైత్రం ఎండకి పింగాణీ తొట్టి పెనంలా కాలేది. నీళ్ళు మధ్యాహ్నానికి వేడి, సాయంత్రానికి కుళ్ళు. నలభై కాస్తా పాతికయ్యాయి, పాతిక పదకొండయ్యాయి. రోజూ పొద్దున్నే కాశమ్మ మట్టిలో వేలు పెట్టి చూసేది. మెత్తబడిన దుంపని తీసి దూరంగా పాతిపెట్టి వచ్చేది. కలువలది మొండి ప్రాణం, అవి బతికాయి. తామరకి మాత్రం లోతైన చల్లటి నీళ్ళు కావాలి. అంటే పెద్ద తొట్టి ఉన్న మారాజు ఎవరో దొరకాలి. సీతమ్మధారలో బంగళాలున్నాయి, బంగళాల వెనక పెరళ్ళున్నాయి. వాళ్ళకి మేమున్నామని తెలిసేదెలా?

"బోర్డు పెడదాం," అన్నాను.

నేను అయిదో తరగతి పాసయినవాణ్ణి. మా మాస్టారు నా చేత వ్యాకరణం వల్లె వేయించారు. కరీం బాషా ఒక ఓడ రేకు, డబ్బా రంగు ఇచ్చాడు. 'అమ్మబడును' అని రాద్దామనుకుని ఆగాను. లక్ష్మీదేవి కూర్చునే పువ్వుని అమ్మకానికి పెట్టినట్టు రాస్తే ఏం బాగుంటుంది? అందుకని మర్యాదగా, గ్రాంథికంగా, జానెడేసి అక్షరాలతో రాశాను: ఇచ్చట తామర ఇవ్వబడును. పువ్వు అనే మాటకి రేకు చాలలేదు. కాశమ్మకి చదువు రాదు. కరీం బాషాకి ఉర్దూ తప్ప చదవడం రాదు. ఇద్దరూ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని మెచ్చుకున్నారు. తీసుకెళ్ళి కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర కట్టాను, కింద మా పాకకి బాణం గుర్తు వేసి.

మర్నాడు పొద్దున్నే ఒక మనిషి వచ్చాడు. ప్లాంటు కట్టుబడిలో పనిచేసేవాడు, నెత్తిన ఇనప టోపీ. మొదటి బేరం కదా అని మంచం వాల్చి కూర్చోబెట్టాను.

"బోర్డు సూసొచ్చినాను బావా," అన్నాడు బిడియంగా.

"మంచిపని సేసినావు. తామర నీకు ముందునుంచీ ఉన్నాదేటి, కొత్తగా మొదలెడతావేటి?"

"ఉన్నాది. రెండు నెల్లయ్యింది."

"ఎక్కడ?"

"నడుం కాడ."

నడుం లోతు నీళ్ళలో కాబోలు అనుకున్నాను. "పాకుతున్నాదా?"

"ఓలయ్యో, పాకడమేటి బావా! వారంలో ఇక్కడ్నించి ఇక్కడికి పాకీసింది."

"అదృష్టమంటే నీదే! మాది సూడు, అంగుళం కదల్లేదు. నీళ్ళు బాగా పోత్తన్నావా?"

"నీళ్ళు తగిల్తే మరీ రేగిపోతన్నాది."

"రేగాల మరి! బురద కూడా ఉండాల. ఎండ తగిలేటట్టు తెరిసి వొదిలీ. ఆషాడానికి గుత్తులు గుత్తులుగా..."

ఆ మనిషి లేచి నిలబడి బెల్టు వదులు చేసి చూపించాడు. నడుం చుట్టూ, ఎర్రగా, రూపాయి బిళ్ళలు అతికించినట్టు చర్మవ్యాధి. ఆ తామర!

పాక వెనకనుంచి కాశమ్మ నవ్వు విని పోతమ్మ కూడా వచ్చేసింది. ఆ రోజు మధ్యాహ్నంలోగా మరో పదిమంది వచ్చారు. ఎండలో, చెమటలో, బూట్లలో పనిచేసే జనం, ఎవరి దురద వాళ్ళది. ఒక పెద్దమనిషి అయితే తిట్టడానికే వచ్చాడు. "ఉన్నది సాలక నువ్వు కొత్తగా ఇత్తావేటిరా?" అని.

బోర్డు తీసెయ్యమంది కాశమ్మ. "సదువు సంకనాకిపోనూ, ఆ రేకు దించు."

నేను దించలేదు. వస్తున్న జనాన్ని చూస్తే ముచ్చటేసింది. పైగా చదువుకున్నవాణ్ణి, రాసింది తప్పని ఎలా ఒప్పుకుంటాను? ఆ మొండితనమే మేలు చేసింది. మొదట వచ్చిన మనిషి నేను చెప్పింది మందే అనుకుని, బురద రాసుకుని, నీళ్ళు పోసుకుని, ఎండకి తెరిచి పెట్టాడట. అది వీపంతా ఎక్కేసింది. ఏడ్చుకుంటూ సీతమ్మధారలో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకెళ్ళి, 'కూర్మన్నపాలెం సూరన్న వైద్యం' అని చెప్పాడు.

ఆ డాక్టరు రమణమూర్తి గారు. వారం తిరక్కుండా స్కూటరేసుకుని, నా బోర్డు బాణం చూసుకుంటూ దిగారు. తెల్ల షర్టు, ఎర్ర మొహం.

"ఎవడయ్యా ఇక్కడ తామరకి వైద్యం చేస్తున్నది? సర్టిఫికెట్ ఉందా? బురద రాయమంటావా? నిన్ను ఇవాళే పోలీసులకి అప్పజెబుతాను!"

"బాబూ, నాను వైద్యుణ్ణి కాదు. నాను ఇచ్చేవాణ్ణి. బోర్డు మీద ఇవ్వబడును అనే ఉన్నాది గదా."

ఆ మాటతో ఆయన మొహం ఇంకా ఎర్రబడింది. కాశమ్మ నన్ను పక్కకి నెట్టి, "బాబుగోరూ, ఈ మడిసితో మాట్లాడకండి. ఇలగ రండి," అని తొట్ల దగ్గరకి తీసుకెళ్ళింది. ఆయన చొక్కా చేతులు మడిచి నీళ్ళలోకి వంగారు. నేను చూశాను. ఆయన మోచేతి మీద, తామర! సాక్షాత్తూ తామర డాక్టరు గారికే! "బాబూ, తమకి కూడా ఎవరో ఇచ్చినట్టున్నారే," అన్నాను. ఆయన పకపకా నవ్వి, తొట్టి అంచు మీద కూలబడ్డారు.

నవ్వు తగ్గాక చూశారు. ఆ వేళకి మిగిలినవి మూడే దుంపలు. మూడింటికీ బేడ కాసంత ఆకులు రెండేసి నీటి మీద పడుకుని ఉన్నాయి. కాశమ్మ చెరువు కథ చెప్పింది. ఎక్కువ చెప్పలేదు. "నలబై తెచ్చినాను బాబూ. ఇయ్యి మూడు. ఇయ్యి కూడా పోతే ఆ పువ్వు ఇంక బూమ్మీద లేదు నాకు," అంది.

డాక్టరు గారు ఆ ఆకుల్ని ఒక్కొక్కటే వేలితో తాకి చూశారు. అప్పుడన్నారు. "మా క్లినిక్ వెనక పెద్ద తొట్టి కట్టించాను. ఫౌంటెన్ పెడదామని. పంపు పనిచెయ్యలేదు. ఖాళీగా ఉంది. కానీ నీళ్ళు నిలవుంటే దోమలు రావూ? నా పేషెంట్లు నన్ను తిడతారు."

"దోమ పిల్లల్ని తినే సన్న సేపలేత్తాను. ఒక్క దోమ లేగిస్తే నన్నడగండి," అంది కాశమ్మ.

"అయితే ఆదివారం పెట్టెయ్యండి. మా అమ్మ తాయారమ్మ గారి అరవయ్యో పుట్టినరోజు, బంధువులొస్తారు."

కాశమ్మ వెళ్ళి తొట్టి చూసింది. గోడని గోటితో గీకి, నాలిక మీద పెట్టుకుని ఉమ్మేసింది. "కొత్త సిమెంటు. దీనికి ఆకలెక్కువ. ఏది పెడితే అది మింగీసుద్ది. నీళ్ళు నింపి, అరటి బోదెలు కుళ్ళబెట్టి, పారబోసి, మళ్ళీ నింపాల. మూడుసార్లు. ఇరవయ్యొక్క రోజులు."

"ఆదివారం?" అన్నారు డాక్టరు గారు.

"ఆదివారం కలువలు పెడతాను, కుండలతోటి. తామర పెట్టను."

"మూడే ఉన్నాయి, రోజూ ఎండకి మాడుతున్నాయి, ఇరవై రోజులాగితే మిగుల్తాయా?" అన్నారాయన.

"మిగిల్తే మిగుల్తాయి. ఇందులో యేత్తే ఎలాగూ సత్తాయి."

ఆవిడ మాట మీద ఆవిడ నిలబడింది. నిలబడనిది నేను. డాక్టరు గారు మొహం చిన్నబుచ్చుకున్నారనీ, మనసు మారితే తొట్టి పోతుందనీ నా భయం. శనివారం కాశమ్మ ట్యాంకరు దగ్గర ఉండగా ఒక దుంపని మట్టితో సహా ఎత్తి, సైకిలు మీద తీసుకెళ్ళి ఆ తొట్టిలో పెట్టేశాను. ఆదివారం బంధువులు ఆకు చూసి మెచ్చుకున్నారు. మంగళవారానికి ఆకు అంచులు సున్నం తిన్నట్టు తెల్లబడ్డాయి. గురువారం దుంప చేతిలోకి తీస్తే జావ.

కాశమ్మకి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. ఆవిడ ఆదివారం కలువలు పెట్టేటప్పుడే చూసేసింది, కదిపితే మొలక విరుగుతుందని ఊరుకుంది. తిట్టలేదు. తిడితే బాగుండును. నా చేతిలో బిందె పెట్టి, "ఇంక రెండున్నాయి. నాను సెప్పిందాకా నీ సెయ్యి ఆటికి తగలకూడదు," అంది. అంతే.

ఆ ఇరవయ్యొక్క రోజులూ ఆవిడ తొట్ల మీద తన చీర కట్టి నీడ చేసింది. పొద్దున్న ట్యాంకరు నీళ్ళు, మధ్యాహ్నం పోతమ్మ ఇచ్చిన బిందె. అవును, పోతమ్మే. "గాలి ఇటే ఇసురుతున్నాది, ముందు నువ్వు తానం సెయ్యి, దుంపలకి నాను పోత్తాను," అంది. రోజు విడిచి రోజు ఇద్దరం సీతమ్మధార వెళ్ళి బోదెలు మార్చేవాళ్ళం. కుళ్ళిన అరటి కంపుకి డాక్టరు గారి వెయిటింగు హాలు ఖాళీ అయ్యేది. ఆయన ముక్కుకి కర్చీఫు కట్టుకుని ప్రిస్క్రిప్షన్లు రాశారు గానీ వద్దనలేదు. మూడోసారి నీళ్ళు నింపాక కాశమ్మ మళ్ళీ గోడ గీకి నాలిక మీద వేసుకుంది. ఈసారి ఉమ్మలేదు.

"ఇప్పుడు దీని కడుపు నిండింది," అంది.

రెండు దుంపలూ దిగాయి. వైశాఖం వెళ్ళింది. ఆకులు పళ్ళాలంత అయ్యాయి. జ్యేష్ఠంలో మొదటి ఆకు నీటి మీద పడుకోకుండా నిటారుగా లేచి నిలబడింది. ఆకు నిలబడిందంటే కింద దుంప పాకిందన్నమాట. ఆ రోజు కాశమ్మ తొట్టి గట్టు మీద కూర్చుని టీ తాగింది. క్లినిక్కులో ఆవిడ ఏమన్నా పుచ్చుకోవడం అదే మొదలు.

ఆషాఢంలో వాన వెలిసిన ఒక ఉదయం మొగ్గ విచ్చింది. నేను, కాశమ్మ, పోతమ్మ, డాక్టరు గారు, తాయారమ్మ గారు, గోక్కోవడం మానేసి నిలబడ్డ పేషెంట్లు, ఒంటి మీద అత్తరు పూసుకుని వచ్చిన కరీం బాషా. అదే రంగు. అదే రేకు వెనక రేకు.

"మాషా అల్లా," అన్నాడు కరీం బాషా. "నా తొట్లో పుట్టిందే!"

కాశమ్మ దగ్గరకెళ్ళి వంగి చూసింది. నేను ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ తిరిగి, "వొచ్చే మాగంలో దుంప తీత్తే ఇరవై అవుతాయి. ఇరవై తొట్లు కావాల. బాసా, ఓడలేమైనా ఇరగ్గొడతన్నారేటి?" అంది.

అలా మొదలైంది మా వ్యాపారం. డాక్టరు దగ్గరకి దురదతో వచ్చినవాళ్ళు పెరటికి తామరతో వెళ్ళేవారు. మరుసటి ఏడు సీతమ్మధారలో పదకొండు ఇళ్ళు, ఆ పై ఏడు స్టీలు ప్లాంటు క్వార్టర్లు. కలువలు కొన్నవాళ్ళకి సన్న చేపలు ఊరికే ఇచ్చేవాళ్ళం. ఎవరు ఎంత తొందరపడినా కాశమ్మ ముందు సిమెంటు నాకి చూడనిదే దుంప ఇచ్చేది కాదు. ఎనభై ఎనిమిదికి ఆ పువ్వు పూయని పేట లేదని నేనంటాను. ఆవిడ నాలుగు పేటలంటుంది. మీరు ఆవిడ మాటే నమ్మండి.

మిగతాదంతా నిజమే, ఒక్కటి తప్ప. డాక్టరు గారి మోచేతి మీద ఏమీ లేదు. ఆయన చర్మం అద్దంలా ఉండేది. ఆ రోజు ఆయన నీళ్ళలోకి వంగుతుంటే తొట్టి పట్టుకోవడానికి నేనూ చెయ్యి చాపాను. అప్పుడాయన నా మోచేతికేసి చూసి, "ఓహో, బోర్డు నిజమేనయ్యా. నీ దగ్గర ఇవ్వడానికి దండిగా ఉంది," అని పకపకా నవ్వి కూలబడ్డారు. ఆ తామర నాది. మలాం ఆయనే ఇచ్చారు. పది రోజుల్లో పోయింది.